ఇంట్లో పోల్ బిగించుకుని నేర్చుకోవచ్చా? ముందు మిద్దె చూసుకోండి

మీ ప్రశ్న సారాంశం ఇది: వయసు 29, అనంతపురంలో ఉద్యోగం, చుట్టుపక్కల నిలువు స్టీలు స్తంభం మీద చేసే పోల్ డ్యాన్స్ నేర్పేవారు ఎవరూ కనబడలేదు, చేతుల్లో బలం లేదు కాబట్టి ముందు ఆరు నెలలు జిమ్‌కు వెళ్ళాలా, లేక ఇంట్లోనే పోల్ బిగించుకుని వీడియోలు చూస్తూ మొదలుపెట్టవచ్చా అని. నేను బెంగళూరులో పనిచేసిన రోజుల్లో రెండేళ్ళు తరగతులకు వెళ్ళి నేర్చుకున్నాను, పెళ్ళయి అనంతపురం వచ్చాక నాలుగేళ్ళుగా ఇంట్లోనే సాధన చేస్తున్నాను. నేను శిక్షకురాలిని కాను. ఇక్కడ చెప్పేవి చాలావరకు తప్పులు చేసి తెలుసుకున్నవే.

బలం కోసం ఆరు నెలలు ఆగనక్కరలేదు. పోల్ మీద మనిషిని నిలిపేది చర్మానికీ లోహానికీ మధ్య కుదిరే పట్టు. కండబలం ఆ తర్వాతి మాట, అది కూడా ఎక్కువగా పోల్ మీదే వస్తుంది. నాతోపాటు చేరినవారిలో పుల్ అప్స్ అలవోకగా తీసే ఒకాయన మొదటి నెలంతా జారుతూనే ఉన్నారు, సంచి మోయడానికే ఆయాసపడే ఒకావిడ మూడో వారానికి తొడలతో పట్టి కూర్చోగలిగారు. మీరు ఆగవలసిన కారణం చేతుల్లో కాదు, ఇంటి కప్పులో ఉండవచ్చు.

ఇళ్ళలో వాడే పోల్‌లో ఎక్కువ రకాలకు కప్పులోకి బోల్టులు దిగవు. నేలకూ కప్పుకూ మధ్య నిలబెట్టి మర తిప్పితే, ఆ ఒత్తిడితోనే అది నిలుస్తుంది. కాబట్టి పైన ఉన్నది ఆ ఒత్తిడికి ఓర్చే కాంక్రీటు స్లాబు అయి ఉండాలి, వీలైతే సరిగ్గా బీము కిందే బిగించాలి. తాడిపత్రి వైపు మా అమ్మవాళ్ళది పాత బండల మిద్దె, దూలాల మీద నాపబండలు పరిచి పైన మట్టి వేసిన ఇల్లు. ఒక సంక్రాంతికి పోల్ వెంట తీసుకెళ్ళి అక్కడ బిగించాను. మర బిగుస్తుండగా భుజం మీద సన్నగా మట్టి రాలింది. పాత ఇల్లు కదా, దుమ్ములే అనుకుని ఇంకో అర చుట్టు తిప్పాను, అంతే, తల మీద బండ కరుక్కుమని కదిలిన చప్పుడు వినిపించింది. మరునాడు చూడడానికి వచ్చిన మేస్త్రీ పైకి చూసి, "పైనుంచి పడే బరువుకు కట్టిన మిద్దె ఇది, కిందనుంచి పొడిస్తే ఓర్చుకుంటాదా తల్లీ?" అన్నాడు. ఆ ఒక్క మాటలో మొత్తం సంగతి ఉంది. బండల మిద్దె, మట్టి మిద్దె, రేకుల కప్పు, స్లాబు కింద వేలాడదీసిన పీఓపీ సీలింగు, వీటిలో ఏదీ పనికిరాదు. అలాంటి ఇంట్లో ఉంటే బరువైన దిమ్మె మీద దానంతటది నిలబడే స్టేజ్ పోల్ ఒక్కటే దారి, కానీ అది ఖరీదైనది, చాలా చోటు తీసుకుంటుంది, తిరిగేటప్పుడు కొంచెం ఊగుతుంది కూడా.

స్లాబు ఉన్నా టేపు పట్టుకుని ఎత్తు కొలవకుండా డబ్బు కట్టకండి. పేరున్న కంపెనీల సాధారణ సెట్టు సుమారు 7 అడుగుల 4 అంగుళాల నుంచి 9 అడుగుల ఎత్తు దాకా సరిపోతుంది, మన వైపు ఇళ్ళలో స్లాబు తరచుగా 10 అడుగుల ఎత్తున ఉంటుంది, కాబట్టి అదనపు ముక్క విడిగా తెప్పించుకోవాలి. రెండో చిక్కు ఫ్యాను. మన గదుల్లో నట్టనడుమ ఫ్యాను ఉంటుంది, 48 అంగుళాల ఫ్యాను రెక్క నడిమినుంచి రెండడుగులు వస్తుంది, పోల్ చుట్టూ మీకు కాళ్ళు చాచేటంత, అంటే అయిదడుగుల ఖాళీ కావాలి. నేను చివరికి ఆ గదిలో సీలింగు ఫ్యాను తీయించి గోడ ఫ్యాను పెట్టించుకున్నాను. నేల టైల్సు అయితే పోల్ ఆనే చోట వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్లగా మోగితే ఆ టైలు ఒత్తిడికి పగులుతుంది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పకపోతే మీరూ నాలాగే చేస్తారు. ఖర్చు తగ్గుతుందని నేను మొదట ఒక వెల్డింగ్ షాపులో మెట్ల రెయిలింగుకు వాడే స్టీలు పైపుతో పోల్ చేయించాను. రెయిలింగు పైపు గోడ పలుచన, నిలువు ఒత్తిడికీ పక్కకు లాగే బరువుకూ చేసినది కాదు. మూడో రోజుకే నడుమ సన్నని వంపు తేలింది, అతుకు దగ్గర మిగిలిన వెల్డింగు కొస మోకాలి వెనక గీరింది. నీళ్ళ లైనుకు వాడే జీఐ పైపు గట్టిదే కానీ దాని పూత గరుకు, చర్మం లేచిపోతుంది. ఈ ఒక్క వస్తువులో పొదుపు వద్దు. పోటీలలో వాడే లావు 45 మిల్లీమీటర్లు, చాలామంది దాంతోనే మొదలుపెడతారు, చేతులు మరీ చిన్నవైతే 40 చూడవచ్చు. పోల్ దానంతటది తిరిగేలా, తిరగకుండా రెండు రకాలుగానూ పెట్టుకునే వీలుంటే, మొదటి మూడు నాలుగు నెలలు తిరగకుండా బిగించే ఉంచండి.

ఇక పట్టు సంగతి. పోల్ డ్యాన్సులో పొట్టి నిక్కరు వేసుకునేది చూపించుకోవడానికని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు గానీ, గుడ్డ స్టీలు మీద జారుతుంది, చర్మం పట్టుకుంటుంది, కారణం అంతే. ఆ చర్మం మీద ఏమీ ఉండకూడదు. కొబ్బరినూనె, లోషన్, సున్నిపిండి మిగులు, ఏదైనా సరే. ఒక ఆదివారం తలంటు పోసుకుని, ఒంటి నూనె అంతా పోయిందనుకుని సాయంత్రం పోల్ ఎక్కాను. తొడల పట్టు కుదిరినట్టే అనిపించింది. చేతులు వదిలిన మరుక్షణం, పరుషలో ఉట్లమాను మీది కుర్రాడిలా సర్రున కిందికి దిగిపోయాను. అప్పటినుంచి తలంటు ఉన్న రోజున, ఆ మరునాడున నాకు సెలవు.

అందరూ చెమట గురించే హెచ్చరిస్తారు. మన అనంతపురం గాలికి ఏడాదిలో చాలా కాలం ఎదురయ్యే బాధ చెమట కాదు, పొడిబారిన చర్మం, అది కూడా జారుతుంది. చలికాలం ఉదయాల్లో నేను తడిపి గట్టిగా పిండిన తువ్వాలుతో తొడలు, పిక్కలు ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, ఒంట్లో కొంచెం వేడి పుట్టేదాకా కసరత్తు చేసి అప్పుడు మొదలుపెడతాను. చల్లగా ఉన్న స్టీలు కూడా సరిగా పట్టదు, దాన్ని చేతులతో రుద్ది వెచ్చబెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఎండ 40 దాటుతుంది, అరచేతులు ధారలు కడతాయి. తెల్లవారుజామున అయిదున్నరకే ముగించుకోవడం తప్ప వేరే ఉపాయం నాకు దొరకలేదు. కూలరు పెట్టుకుంటే దాని తడిగాలికి పోల్ మరింత జారుతుంది. అరచేతులకు చెమట పీల్చే లిక్విడ్ చాక్ రాసుకుని పూర్తిగా ఆరేదాకా ఆగితే కొంత నయం. పోల్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ అని అడిగితే ఇచ్చే కొన్ని రకాల్లో ఆముదం కలిసి ఉంటుంది, తుడిచామనుకుంటూ నూనె పూసినట్టవుతుంది. కొయ్య స్తంభం మీద కసరత్తు చేసే మల్లఖంబం వాళ్ళు ఆ స్తంభానికి ఆముదం రాస్తారు కదా అని ఎవరైనా అంటే, అది కొయ్యకు చర్మం ఒరుసుకుపోకుండా రాసేది, స్టీలుకు ఆ లెక్క వర్తించదు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసి పక్కన పెట్టండి, అవి పోల్‌ను గీస్తాయి, ఆ గీతలు మళ్ళీ మిమ్మల్ని గీస్తాయి.

మొదట నేర్చుకోవలసినవి నాలుగే: పోల్ పట్టుకుని చుట్టూ నడవడం, ఫైర్‌మ్యాన్ స్పిన్ (పోల్ పట్టుకుని దాని చుట్టూ గిర్రున తిరగడం), ఎక్కడం, తొడలతో పట్టి కూర్చోవడం. ఫైర్‌మ్యాన్ స్పిన్‌లో పోల్‌కు దగ్గరగా ఉన్న చెయ్యి తలకంటే పైన, రెండో చెయ్యి ఛాతీ ఎత్తున ఉంటుంది. బయటి కాలిని విశాలంగా తిప్పి వేస్తూ, పై చేతి భుజాన్ని చెవికి దూరంగా కిందికి లాగి ఉంచి, రెండు మోకాళ్ళతో పోల్‌ను పట్టాలి. భుజాన్ని వదిలేసి వేలాడితే నాలుగు రోజుల్లో చెయ్యి ఎత్తలేరు. ఎక్కడంలో చాలామంది చేతులతో పైకి లాక్కుంటారు, నేనూ అలాగే చేసి నెల వృథా చేసుకున్నాను. మన వైపు ఈతచెట్టు ఎక్కే గీతకార్మికుణ్ణి గమనించండి. అతడు ఒంటిని చేతులతో లాగడు, కాళ్ళు బిగించి, వాటి మీద లేచి నిలబడతాడు. పోల్ మీదా అంతే: ఒక పాదం మడిచి దాని పైభాగాన్ని, ముంగాలిని ముందునుంచి ఆనించి, రెండో కాలి పిక్కతో వెనకనుంచి నొక్కి పట్టి, లేచి నిలబడాలి. చేతులు పడిపోకుండా కాస్తాయి, అంతవరకే. తొడలతో కూర్చోవడం మాత్రం నొప్పే. లోపలి తొడ చర్మం మండుతుంది, మరునాడు కమిలి నీలంగా కనబడుతుంది. రెండు మూడు వారాలు ఓపిక పడితే చర్మం అలవాటు పడుతుంది. అదే నొప్పి కీలులో గానీ, మణికట్టులో గానీ వస్తే అది అలవాటయ్యే నొప్పి కాదు, ఆపేయండి.

వారానికి మూడుసార్లకు మించవద్దు, ప్రతిసారీ 15 నిమిషాలు మణికట్లు, భుజాలు, తుంటి కీళ్ళు కదిలించిన తర్వాతే మొదలుపెట్టండి, కుడివైపు చేసినదల్లా ఎడమవైపూ చేయండి.

తలకిందులయ్యే ఆటల జోలికి ఒంటరిగా వెళ్ళవద్దు. అనంతపురం వచ్చిన మొదటి ఏడాది ఒక వీడియో చూసి, నేలనుంచి కాళ్ళు ఎగరేసి ఆ ఊపుతో తిరగబడ్డాను. ఊపు కాళ్ళను పైకి తెచ్చింది గానీ, అక్కడ ఆపడానికి భుజానికి బలం లేదు. కింద నాలుగంగుళాల పరుపు ఉంది కాబట్టి నడుము మిగిలింది, భుజం మాత్రం ఆరు వారాలు జడ వేసుకోనివ్వలేదు. మోకాళ్ళు ముడిచి, ఊపు లేకుండా, నిదానంగా తుంటిని పైకి తేగలిగి, అంతే నిదానంగా దించగలిగితేనే మీ శరీరం దానికి సిద్ధమైనట్టు. తల నేలకేసి పడితే పరుపు పూర్తిగా కాపాడలేదు. రక్తపోటు, గ్లకోమా ఉన్నవారు డాక్టరును అడగకుండా అసలు తలకిందులు కాకూడదు. అందుకే మీకు నా సలహా: బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, తెల్లవారి బయలుదేరితే మధ్యాహ్నం తరగతి అందుతుంది. మొదటి మూడు నెలలు నెలకు రెండు శనివారాలైనా అక్కడి స్టూడియోలో ఒకరి కళ్ళ ముందు చేసి, మిగతా రోజులు ఇంట్లో అదే సాధన చేయండి. వీడియో మీకు చేసి చూపిస్తుంది, మీరు చేసేది అది చూడదు.

ఇంట్లో ఏమని చెప్పాలి అని కూడా అడిగారు. మల్లఖంబమని బొంకకండి, అది వేరే విద్య, మధ్యప్రదేశ్ 2013లో దాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది కూడా. పోల్ డ్యాన్స్ క్లబ్బుల నుంచి వచ్చిన మాట నిజమే, ఇప్పుడు వ్యాయామంగానూ పోటీ క్రీడగానూ సాగుతున్న మాటా నిజమే. నేను రెండూ మా అత్తగారికి చెప్పాను. ఆమె కొన్నాళ్ళు మాట్లాడలేదు, తర్వాత ఒకరోజు తలుపు దగ్గర నిలబడి చూసి, "ఆ కాలు ఇంకొంచెం చాపరాదా" అన్నారు. ఆమెతో నాకు మిగిలిన తగాదా ఒక్కటే. వానాకాలంలో ఆమె పోల్‌కు, కిటికీ ఊచకు నడుమ దండెం కట్టి తడి చీరలు ఆరేశారు. పోల్ నిలువు ఒత్తిడితో నిలిచేది, పక్కకు లాగితే వదులవుతుంది. నేను చూసుకోకుండా ఎక్కి ఉంటే కప్పునుంచి ఊడి వచ్చేది. ఇప్పుడు ఎక్కే ముందు ప్రతిసారీ రసమట్టం పెట్టి నిలువు చూసి, రెండు చేతులతో గట్టిగా ఊపి చూశాకే పైకి కాలు పెడుతున్నాను. దండెం మేడ మీదికి మారింది.