కోబ్రా హెడ్ రిపోర్టు, మోపిదేవి మొక్కు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా వారికి 36 ఏళ్లు. ఎడమ డొక్కలో నొప్పి వస్తుంటే సీటీ తీయించాం. రిపోర్టులో ‘కోబ్రా హెడ్ సైన్’ అని రాశారు. యూరాలజిస్టు వచ్చే వారం రమ్మన్నారు. ఇది నాగదోషమే, ముందు మోపిదేవి వెళ్లాల్సిందేనని మా అత్తగారు పట్టుబట్టారు. నెట్‌లో చూసేకొద్దీ నాకు టెన్షన్ పెరుగుతోంది. కిడ్నీకీ పాముకీ ఏం సంబంధమండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తెనాలి నుంచి మోపిదేవి ఎంత దూరమమ్మా, అత్తగారిని తీసుకుని వెళ్లి రండి. యూరాలజిస్టు దగ్గరికి వెళ్లే రోజు మాత్రం తప్పించకండి.

కిడ్నీ నుంచి మూత్రసంచికి మూత్రం తెచ్చే సన్నని గొట్టాన్ని యూరేటర్ అంటారు. కొందరికి పుట్టుకతోనే దాని చివర బుడగలా ఉబ్బి సంచిలోకి చొచ్చుకొస్తుంది. అదే యూరేటరోసీల్. రంగు మందు ఎక్కించి తీసిన ఫిల్ములో ఆ గొట్టం తెల్లగా దిగివచ్చి చివర వెడల్పుగా విచ్చుకుంటుంది. చుట్టూ సన్నటి నల్లగీత ఉంటుంది, అది బుడగ గోడ. చూస్తే అచ్చం పడగే.

నేను రేడియాలజీ చదివే రోజుల్లో వీటికి ఐవీపీయే, అంటే రంగు మందు ఎక్కించి తీసే కిడ్నీ ఎక్స్‌రేయే దిక్కు. ముందురోజు రాత్రి ఆముదం తాగించేవాళ్లం. పొద్దున చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి, ఐదు నిమిషాలకు ఒక ఫిల్ము, పదిహేనుకు ఇంకొకటి తీసేవాళ్లం. డార్క్‌రూములో కడిగిన ఫిల్మును తడి ఆరకముందే లైటు పెట్టె మీద వేలాడదీసి చూడటం అలవాటు. అలా ఒకరోజు మా ప్రొఫెసర్ గారు, “ఏం కనిపిస్తోందమ్మా?” అన్నారు. పాఠం చదవలేదు. భయంభయంగా “నాగులచవితి, సార్” అన్నాను. ఆయన నవ్వి, “జబ్బు పేరు రాకపోయినా కళ్లు పనిచేస్తున్నాయి” అన్నారు.

మేం పడగ కంటే ఆ నల్లగీతనే ఎక్కువసేపు చూస్తాం. అది సన్నగా, అంతటా ఒకేలా ఉంటే మామూలు యూరేటరోసీల్. మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం గొట్టం చివర రాయి ఇరుక్కుందేమో, అరుదుగా కణితి ఏమైనా ఉందేమో అని వెతకాలి. మీరూ డాక్టర్ గారిని ఈ గీత సంగతే అడగండి. బుడగలో రాయి ఉందా, పైన కిడ్నీ ఉబ్బిందా అనేది కూడా కనుక్కోండి. పెద్దవాళ్లలో బుడగ చిన్నగా ఉండి ఇబ్బంది పెట్టకపోతే చాలాసార్లు దాని జోలికి పోరు. అడ్డుపడుతుంటే మూత్రద్వారం గుండానే సన్నని పరికరం పంపి దానికి చిన్న గాటు పెడతారు, పొట్ట కోయాల్సిన పని ఉండదు. అయితే నొప్పితోపాటు చలిజ్వరం వచ్చిందంటే వచ్చే వారం దాకా ఆగొద్దు, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.

ఎవరైనా మళ్లీ అల్ట్రాసౌండ్ చేసి ‘ఏమీ లేదు’ అంటే పాము పోయిందనుకోకండి. మూత్రసంచి మరీ నిండితే బుడగ అణిగిపోయి కనిపించకపోవచ్చు.

చిన్నపిల్లల్లో ఈ పాముకు తోడు ఒక పువ్వు కూడా ఉంటుంది. ఒకే కిడ్నీకి రెండు గొట్టాలుండి, పై భాగానిది కింద బుడగ కట్టి మూసుకుపోతే, ఉబ్బిన పై భాగం కింది భాగాన్ని అణచేస్తుంది. దాన్ని ‘డ్రూపింగ్ లిల్లీ’ అంటారు, తలవాల్చిన లిల్లీ అన్నమాట. ఈ పేరుతో మా విద్యార్థులు తికమకపడేవాళ్లు. మన పూలకొట్లో లిల్లీ అని అమ్మేది అసలు లిల్లీ కాదు, నేలసంపెంగ. దండలో గుచ్చే ఆ మొగ్గలో వాళ్లకు కిడ్నీ ఎలా కనబడుతుంది? ‘ఎండకు వాడిన తామర’ అని చెప్పేదాన్ని, వెంటనే పట్టేసేవాళ్లు.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. స్కాన్‌లో ‘స్టాగ్‌హార్న్’ రాయి ఉందన్నారు. నొప్పేమీ లేదు. కొండపిండి ఆకుతో కరిగించేద్దాం అంటున్నారు. ఆగవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆగకండి. స్టాగ్‌హార్న్ అంటే జింక కొమ్ము. జమీందారు గారి హాల్లో గోడకు తగిలించినట్టు పేరు దర్జాగానే ఉంటుంది కానీ, నాకు పడగ కంటే ఈ కొమ్మంటేనే భయం. కిడ్నీ మధ్య ఖాళీనంతా నింపి, పాయలన్నిటిలోకీ కొమ్మలేసిన రాయి ఇది. కదిలి గొట్టంలోకి జారదు కాబట్టి నొప్పి అంతగా తెలియదు. చాలామందిలో సూక్ష్మజీవుల ఇన్‌ఫెక్షన్ వల్లే పెరుగుతుంది, వదిలేస్తే కిడ్నీనే తినేస్తుంది. సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి, పగలగొట్టి తీస్తారు. ఒక్కోసారి రెండు విడతలు పడుతుంది.

ఇంత రాయి కొండపిండికి కరగదు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, దాంతోపాటు పొటాషియం రక్తపరీక్షల్లో చూపించుకుని, డాక్టర్ సరేనంటే ఆ ఆకుతో పప్పు వండి పెట్టండి, నాన్నగారికి ఇష్టమేగా.