టెక్ సందేహాలు: సీపీయూ ఒకటే, కంపైలర్ ఒకటే.. జవాబెందుకు మారింది?

సందేహం: మూడు సంఖ్యలు కూడే చిన్న ఫంక్షన్‌ను అసెంబ్లీలో (సీపీయూ ఆదేశాలు నేరుగా రాసే భాష) రాసి, సీ ప్రోగ్రామ్ నుంచి కాల్ చేశాను. ల్యాబ్‌లో ఉబుంటు లినక్స్ మీద 10, 20, 30 ఇస్తే 60 వచ్చింది. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో మింగ్‌డబ్ల్యూ జీసీసీతో (జీసీసీ కంపైలర్ విండోస్ రూపం) కంపైల్ చేస్తే ఎర్రర్ లేదు కానీ ఏదో పెద్ద చెత్త సంఖ్య వస్తోంది. రెండూ 64 బిట్ ఇంటెల్ సిస్టమ్‌లే. ఎందుకిలా? – బీటెక్ విద్యార్థి

జవాబు: మీ కూడికలో తప్పులేదు. మీ కోడ్ ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్ రిజిస్టర్లను (సీపీయూలో విలువలు ఉంచే చిన్న గదులు) కూడుతోంది. లినక్స్‌లో మొదటి మూడు ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు ఇచ్చే విలువలు) వచ్చేది వాటిలోనే. విండోస్‌లో మాత్రం అవి ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8లలో వస్తాయి. కాబట్టి మీ ఫంక్షన్‌కు దొరికింది మధ్యలోని 20 ఒక్కటే. మిగతా రెండు రిజిస్టర్లలో అంతకుముందు ఏముంటే అది దానికి కలిసింది.

ఏ ఆర్గ్యుమెంట్ ఎందులో పంపాలో సీపీయూ నిర్ణయించదు. అది ఓఎస్‌ను బట్టి పాటించే నియమం, దాన్ని కాలింగ్ కన్వెన్షన్ అంటారు. లినక్స్, ఇంటెల్ మ్యాక్‌లు సిస్టమ్ వీ పద్ధతిలో పోతాయి, విండోస్‌ది సొంత దారి. జీసీసీ ఏ ఓఎస్‌కు కోడ్ తయారుచేస్తుంటే ఆ పద్ధతి పట్టుకుంటుంది. కంపైల్ అయిన ముక్కలను కలిపే లింకర్, ఫంక్షన్ పేరు కలిసిందా లేదా అనే చూస్తుంది, అందుకే ఎర్రర్ రాలేదు.

రిజిస్టర్ల పేర్లు మార్చేస్తే సరిపోతుందనుకోకండి. లినక్స్‌లో పూర్ణాంకాలకు ఆరు రిజిస్టర్లు, దశాంశాలకు ఎనిమిది, లెక్క వేర్వేరు. విండోస్‌లో రెండింటికీ కలిపి నాలుగే స్థానాలు. మొదట పూర్ణాంకం, తర్వాత దశాంశం పంపితే ఆ దశాంశం లినక్స్‌లో ఎక్స్‌ఎంఎం0లో (దశాంశాల మొదటి రిజిస్టర్) ఉంటుంది, విండోస్‌లో ఎక్స్‌ఎంఎం1లో. పైగా విండోస్‌లో కాల్ చేసే ఫంక్షన్ స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడే మెమరీ) మీద 32 బైట్లు ఖాళీగా వదలాలి. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది మరొకటి: ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐలను లినక్స్‌లో ఎలాగైనా వాడేసుకోవచ్చు. విండోస్‌లో వాటిని మారిస్తే పాత విలువలు తిరిగి పెట్టి వెళ్లాలి. మరిచిపోతే ప్రోగ్రామ్ అక్కడ కాకుండా, సంబంధం లేని ఇంకో చోట క్రాష్ అవుతుంది. దాన్ని వెతకడం నిజంగా టెన్షనే.

మీకు సులువైన దారి: అసెంబ్లీని ముట్టుకోకుండా, సీ ఫైల్‌లో ఆ ఫంక్షన్ డిక్లరేషన్‌కు ‘సిస్‌వీ ఏబీఐ’ (sysv_abi, అంటే సిస్టమ్ వీ పద్ధతి) యాట్రిబ్యూట్ తగిలించండి. విండోస్‌లోనూ ఆ ఒక్క కాల్‌ను జీసీసీ లినక్స్ పద్ధతిలో చేస్తుంది, దాచాల్సిన రిజిస్టర్లను తనే దాస్తుంది. సంఖ్యలకు ‘లాంగ్’ టైప్ వాడి ఉంటే ‘లాంగ్ లాంగ్’ చేయండి. 64 బిట్ విండోస్‌లో లాంగ్ అంటే 4 బైట్లే, లినక్స్‌లో 8.

సందేహం: మరి విండోస్ ప్రోగ్రామ్‌లు వైన్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా లినక్స్‌లో ఎలా నడుస్తున్నాయి? – మరో పాఠకుడు

జవాబు: ప్రోగ్రామ్‌కు ఎదురయ్యే ఫంక్షన్లను వైన్ విండోస్ పద్ధతిలోనే కంపైల్ చేసి ఉంచుతుంది. లినక్స్ లైబ్రరీలతో పని పడినప్పుడు పద్ధతి మార్చుకుంటుంది. ఇది వైన్‌కే పరిమితం కాదు. 64 బిట్ పీసీల్లో, కంప్యూటర్‌ను బూట్ చేసే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌దీ విండోస్ పద్ధతే. దాన్ని కాల్ చేయాలంటే లినక్స్ కెర్నల్ కూడా ఆర్గ్యుమెంట్లను ఆర్‌సీఎక్స్ నుంచి మొదలుపెట్టాల్సిందే.