పాఠకుల ప్రశ్నలు: తీగల మీద కత్తియుద్ధం

ప్రశ్న: చైనా పూర్వకాలపు కథలతో వచ్చే యుద్ధకళల చిత్రాల్లో వీరులు ఇళ్ల కప్పుల మీద పరుగెత్తుతారు, వెదురు కొసల మీద నిలబడి కత్తులు దూస్తారు. నడుముకు తీగ కట్టి పైనుంచి లాగుతారని తెలిశాక ఆ చిత్రాల మీద నాకు మనసు విరిగింది. తీగ మోస్తున్నప్పుడు నటుడి విద్య ఏముంటుంది?
– విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: ఏళ్ల తరబడి పిల్లల చేత కసరత్తు చేయించిన మీకు ఈ సందేహం రావడం న్యాయమే. అయితే ఆ ఎగరడం సినిమావాళ్లు పుట్టించింది కాదు. చైనా వీరగాథల్లో చింగ్‌గోంగ్ అనే విద్య ఉంది. సాధనతో దేహాన్ని తేలిక చేసుకుని గోడలు దాటడం, నీటి మీద నడవడం దాని ఫలం. మన అష్టసిద్ధుల్లోని లఘిమకు ఇది దగ్గరి భావన. కాబట్టి వీరుడు గాలిలో తేలడం ఆ కథల సంప్రదాయం, తీగ దానిని తెర మీదికి తెచ్చే సాధనం మాత్రమే.

ఇక నటుడి విద్య సంగతి. దుస్తుల లోపల బిగుతైన హార్నెస్ (దేహాన్ని పట్టి ఉంచే పట్టీల కూర్పు) తొడిగి, చాలా సందర్భాల్లో రెండు తుంటుల దగ్గర చెరొక ఉక్కు తీగ తగిలిస్తారు. దేహపు బరువుకు కేంద్రం అక్కడికి దగ్గరగా ఉంటుంది కనుక పల్టీ కొట్టడానికి అదే అనువైన చోటు. మన వైపు తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకు మీద బరువు మోపి వెనక్కి వాలి, రెండు చేతులతో గెల చెక్కడం మీరు చూసే ఉంటారు. ఆయన పాదాలకు చెట్టు ఆసరా ఉంటుంది. తీగ మీది నటుడికి ఆ ఆసరా కూడా ఉండదు. నడుము దగ్గర వేలాడదీసిన మనిషి ఊరికే ఉంటే ధాన్యం బస్తాలాగా వేలాడతాడు, తల ఒక వైపు, కాళ్లు ఒక వైపు వాలిపోతాయి. అలా కనబడకుండా పొట్ట కండరాలు బిగబట్టి, వెన్ను నిలబెట్టి, ఆ శ్రమ ముఖంలోకి రానీయకుండా, చేతిలోని కత్తిని ఎదుటివాడి కత్తితో లెక్క తప్పకుండా కలపడం తేలికైన పని కాదు.

నటుడితో పాటు మనం చూడని మరో జట్టు కూడా అక్కడ పని చేస్తుంటుంది. తీగ కప్పీల మీదుగా వెళ్లి, తరచుగా మనుషుల చేతుల్లోనే ముగుస్తుంది. నటుడు మోకాళ్లు వంచి నేలను తన్నే క్షణమే వాళ్లు లాగాలి. ముందుగా లాగితే మొక్కను పెరికినట్టు మనిషి పైకి లేస్తాడు, ఆలస్యంగా లాగితే తన్నిన కాలికీ ఎగిరిన దేహానికీ పొంతన ఉండదు. సుందరకాండలో హనుమంతుడు లంఘించే ముందు మహేంద్రగిరిని పాదాలతో అదిమితే ఆ కొండ కంపించి, రాళ్ల సందుల నుంచి నీళ్లు ఉబికాయని వాల్మీకి వర్ణించాడు. సముద్రం దాటబోయేవాడి బలాన్ని కవి ముందుగా కాలి కింది రాళ్లలో చూపించాడు. తీగల పోరాటానికి కూడా నాకు ఇంతకంటే మంచి కొలత కనబడలేదు: లేచే పాదాన్నీ, దిగే పాదాన్నీ చూడండి. ఆ రెండు చోట్లా బరువు కనబడితే మధ్యలోని గాలి ప్రయాణాన్ని మన కన్ను ఒప్పుకుంటుంది.

ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ (2000) చిత్రంలోని వెదురువనపు ఘట్టాన్ని ఈ కొలతతో మళ్లీ చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. పోరాటాలు కూర్చినవాడు యూన్ వూ-పింగ్. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘ది మేట్రిక్స్’కు కూడా ఆయనే కూర్చాడు. చౌ యున్-ఫాట్‌ను, జాంగ్ జీయీని తీగలతో వెదురు గుబురుల్లో ఎత్తున నిలిపి చిత్రించారు. అక్కడ దెబ్బలు తక్కువ, ఊగడం ఎక్కువ. కొమ్మ ఎంత వంగితే వీరుడి బరువు అంత అని ప్రేక్షకుడు తనకు తెలియకుండానే లెక్క వేసుకుంటాడు. జాంగ్ జీయీ నేర్చినది నాట్యం, యుద్ధవిద్య కాదు. ఆ నాట్యశిక్షణే ఆమెను గాలిలో నిలబెట్టింది. ఇదే చిత్రం కోసం పని చేస్తూ నటి మిషెల్ యో మోకాలి లిగమెంట్ తెగి శస్త్రచికిత్స చేయించుకుంది. తీగ ఉన్నంత మాత్రాన దేహానికి కష్టం తప్పదని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను.

ప్రశ్న: తెర మీద ఆ తీగలు మనకు ఎందుకు కనబడవు?
– ఇంటర్ విద్యార్థిని, వనపర్తి

జవాబు: పూర్వం తీగ సన్నగా ఉండేది, దానికి వెనుక దృశ్యంలో కలిసిపోయే రంగు పూసి, వెలుగు నేరుగా పడి మెరవకుండా దీపాలు అమర్చి, పొగ కూడా వదిలేవారు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఫ్రేము ఫ్రేముకూ తీగను చెరిపేస్తున్నారు కనుక లావైన, మరింత భద్రమైన తీగలను వాడగలుగుతున్నారు. ఈ మార్పు వల్ల కలిగిన పెద్ద మేలు నటుల ప్రాణభద్రతే అని నేను అనుకుంటాను.

ప్రశ్న: మేము నలుగురం మిత్రులం కర్రసాము నేర్చుకున్నాం. ఊరి వేపచెట్టు కొమ్మకు తాడు వేసి, నడుముకు బెల్టు కట్టి, ఇలాంటి పోరాటంతో లఘుచిత్రం తీయాలని ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ మండలం

జవాబు: తమ్ముడూ, ఆ తాడు వేయవద్దు. అరవై కిలోల మనిషి ఒక మీటరు జారి, సాగని తాడు వల్ల పది సెంటీమీటర్ల లోపల ఆగిపోతే, ఆ కుదుపులో తాడు మీద సగటున అతని బరువుకు పదింతలకు పైగా లాగుడు పడుతుంది. ఆ లాగుడంతా మామూలు బెల్టు నుంచి నడుము ఎముకల మీదికి, కొమ్మ మొదలు మీదికి వెళ్తుంది. లోపల పుచ్చిన కొమ్మ బయటికి పచ్చగానే కనబడవచ్చు. ఇది శిక్షణ పొందిన జట్టు చేయవలసిన పని.

కానీ మీ చిత్రం ఆగనక్కరలేదు. దర్శకుడు కింగ్ హు 1971లో విడుదల చేసిన ‘ఎ టచ్ ఆఫ్ జెన్’కు 1975 కాన్ చిత్రోత్సవంలో సాంకేతిక ప్రతిభకు బహుమతి వచ్చింది. కంప్యూటర్ లేని ఆ రోజుల్లో ఆయనా, పెకింగ్ ఒపెరా అనే చైనా సంప్రదాయ నాటకరంగం నుంచి వచ్చిన పోరాట దర్శకుడు హాన్ యింగ్-జియే కలిసి, కెమెరాకు కనబడకుండా ట్రాంపొలిన్ (చట్రానికి బిగించిన, మనిషిని పైకి ఎగరేసే సాగే పట్టా) పెట్టి నటులను ఎగిరించారు. ఆ తర్వాత కింగ్ హు ఎగిరే దేహపు దృశ్యాన్ని ఎడిటింగ్‌లో చిన్న చిన్న ముక్కలుగా కోసి అతికాడు. మీకు ట్రాంపొలిన్ కూడా అక్కరలేదు, కోత చాలు. మొదటి ముక్కలో మోకాళ్లు వంగి మడమ నేలను తన్నాలి. రెండో ముక్కలో ఆకాశం ముందు ఉత్తరీయం, కర్ర మాత్రమే క్షణకాలం దాటాలి; అది పక్కనుంచి విసిరినదైనా ఫరవాలేదు. మూడో ముక్క దిగడం. దాని కోసం మోకాలెత్తు గట్టు మీది నుంచి దుక్కి దున్నిన చెల్క నేలలోకి దూకండి. మట్టి మెత్తగా ఉంటుంది, ఎర్రటి దుమ్ము కూడా లేస్తుంది. కెమెరాను నేలకు ఆనించి పెట్టి, ఆ దుమ్ము అణగక ముందే కోసేయండి.