క్వాసీక్రిస్టల్ పూత వేసిన పెనానికి దోసె ఎందుకు అంటుకోదు?

మీ ప్రశ్న: అల్యూమినియం కలిసిన మిశ్రలోహం టెఫ్లాన్‌లా ఎలా ప్రవర్తిస్తుంది?

మామూలు స్ఫటికంలో పరమాణువుల అమరిక ఒకే దూరంలో పదేపదే తిరిగి వస్తుంది. 1982లో శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్ ఇలాంటి అల్యూమినియం మిశ్రలోహంలో గుర్తించిన క్వాసీక్రిస్టల్‌లో క్రమం ఉంటుంది, పునరావృతి ఉండదు. ఇందులో ఫెర్మీ స్థాయి (లోహంలో ఎలక్ట్రాన్లు నింపే శక్తి స్థాయిల పై అంచు) దగ్గర ఎలక్ట్రాన్ స్థితులు బాగా తక్కువ. పైన తగిలిన పదార్థంతో బంధం కలపడానికి అందుబాటులో ఉండేవే కొద్ది కాబట్టి ఉపరితల శక్తి (వేరే పదార్థాన్ని పట్టుకునే గుణం) తగ్గుతుందని, నీరు పరుచుకోక బొట్టుగా నిలుస్తుందని ప్రధాన వివరణ. గాలి తగిలితే పైన పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కాబట్టి ఈ గుణంలో లోహం వాటా ఎంత, ఆ పొర వాటా ఎంత అన్న చర్చ తెగలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం 2005 నాటి ప్రయోగం. డెకాగొనల్ రకం (పది వైపుల సౌష్ఠవం ఉన్న) అల్యూమినియం-నికెల్-కోబాల్ట్ క్వాసీక్రిస్టల్‌లో ఒక దిశలో అమరిక పునరావృతమవుతుంది, దానికి లంబ దిశలో కాదు. రెండు దిశలూ ఉన్న ఒకే ఉపరితలంపై సూక్ష్మమైన సూదిమొనతో గీసి చూస్తే, పునరావృత దిశలో ఘర్షణ దాదాపు 8 రెట్లు ఎక్కువ! రసాయనం ఒకటే, మారింది అమరిక మాత్రమే. (ఈ డెకాగొనల్ రకాన్ని 1985లోనే గుర్తించిన తొలి బృందాల్లో మన బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారూ ఉన్నారు.)

ఇక పెనం సంగతి. ఈ పూత టెఫ్లాన్ కన్నా చాలా గట్టిది, గరిటె గీతలకు లొంగదు. ఫ్రాన్స్‌లో అమ్మకానికీ వచ్చింది. కానీ ఉప్పు ఎక్కువైన వంటకు పూత తినేయబడుతుంది, మన పులుసులకు అది నప్పదు.