ఏనుగు తొండం ఎందుకు ఊడింది?

ప్రశ్న: మా బాబు ఒకటో తరగతి. స్కూల్లో నలుగురేసి పిల్లల్ని కూర్చోబెట్టి బంకమట్టితో ఒకే బొమ్మ చేయిస్తున్నారు. వీళ్ళు చేసిన ఏనుగుకి మర్నాటికల్లా తొండం ఊడింది. అతికించింది వీడే కాబట్టి తప్పంతా వీడిదేనన్నారట మిగతా పిల్లలు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. ఈ బొమ్మల పని మాన్పించెయ్యమంటారా?
– ఓ తల్లి, తిరుపతి

జవాబు: మాన్పించకండమ్మా. తప్పు వాడిది కానే కాదు. తడి మట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, సన్నటి తొండం ముందే ఆరిపోతే లావుపాటి ఒళ్ళు లోపల ఇంకా తడిగానే ఉంటుంది, ఆ లాగుడుకి అతుకు దగ్గర విడిపోతుంది. ఈసారి అతికించే రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, మట్టిని పెరుగులా జారుగా కలిపి రాసి, గట్టిగా అదమమనండి. పొట్టని కింద నుంచి వేలితో తొలిచి డొల్ల చేస్తే ఇంకా మంచిది. ఎండలో పెట్టొద్దు. నీడలో, తడిగుడ్డ కప్పి, నిదానంగా రెండు మూడు రోజులు ఆరనివ్వాలి.

ఇక గొడవ సంగతి. ఆరేళ్ళ పిల్లలకి 'మనది' అనుకోవడం కష్టమే, 'నాది' అనేదే ముందొస్తుంది. కాళ్ళొకరు, చెవులొకరు అని పంచకుండా, పిసకడం దగ్గర్నుంచి అతికించడం దాకా అన్ని పనులూ అందరిచేతా వంతులవారీగా చేయించమని టీచర్‌కి చెప్పండి, ఆవిడ తప్పకుండా వింటారు.

వీలైతే ఓ ఆదివారం పలమనేరు వెళ్ళండి, టెర్రకోట బొమ్మలకి పేరున్న ఊరు, చిత్తూరు దాటాక వస్తుంది. అక్కడి పనివాళ్ళు అతుకులు ఎలా వేస్తారో వాణ్ణి దగ్గరగా నిలబడి చూడనివ్వండి. మిగతా ముగ్గురినీ కూడా వెంట తీసుకెళ్ళండి.