బాత్‌కి బయల్దేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లో రోమన్ల నాటి స్నానశాలలూ వేడి నీళ్ళ ఊటలూ ఉన్న బాత్ ఊరికి పెళ్ళిరోజుకని నువ్వు వేసి పంపిన ప్లాను చూశాను. శుక్రవారం రాత్రి చేరడం, శనివారం తొమ్మిదింటికి రోమన్ బాత్స్, పదకొండింటికి అబ్బే అనే పెద్ద చర్చి, పన్నెండున్నరకి భోజనం, రెండింటికి స్పా, ఐదింటికి టీ, ఆదివారం స్టోన్‌హెంజ్ రాళ్ళు! మీ మామయ్య కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "వీడు పెళ్ళాన్ని తీసుకుని షికారుకి వెళ్తున్నాడా, ఆడిట్‌కి వెళ్తున్నాడా?" అన్నారు. ఆయన అన్నారు కదా అని నేనూరుకోను, నా మాట నేనూ చెప్పాలి. స్విండన్‌లో కాపురం పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. రైలెక్కితే అరగంటలో బాత్. ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు గానీ, ఇద్దరం సంతోషంగా తిరిగొచ్చినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

ముందు తేదీలు మార్చు. ఫిబ్రవరి పద్నాలుగు వారాంతం వద్దే వద్దు. ఆ రెండు రోజులూ ఊరంతా గులాబీ పూలు పట్టుకున్న జంటలే, హోటళ్ళ వాళ్ళు అడిగిందే రేటు. దాని పక్కనే పిల్లల స్కూలు సెలవులొస్తాయి. నెలాఖర్లో మంగళ, బుధవారం రాత్రులు చూసుకో, గురువారం తీరిగ్గా బయల్దేరండి. మాఘమాసం పెళ్ళి కాబట్టి పెళ్ళిరోజు రెండు వారాలు అటూ ఇటూ అయితే కోడలు ఏమీ అనుకోదు, తిథి ప్రకారం అని చెప్పు! అదే గదికి శనివారం రేటుకీ మంగళవారం రేటుకీ తేడా చూస్తే నీకే తెలుస్తుంది. చలి ఉంటుందని భయపడకు. వేడి నీళ్ళ ఊరికి చలికాలంలోనే వెళ్ళాలి. ఒక్క డిసెంబర్ మాత్రం వద్దు. క్రిస్మస్ సంతకి జనం కిక్కిరిసిపోయి, భుజం భుజం రాసుకుంటూ నడవాలి.

కారు ఇంట్లోనే వదిలెయ్యి. లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరలోపు దిగుతారు. ముందుగా కొంటే ఫస్ట్ క్లాసు కూడా మరీ అంత కాదు. విలాసంగా వెళ్తున్నాం అనుకుని కారు తీసుకెళ్ళి, ఆ ఇరుకు సందుల్లో పార్కింగ్ కోసం ముప్పావుగంట తిరిగి, చివరికి దంపతులిద్దరూ మాట్లాడుకోవడం మానేసిన సంగతి నాకు బాగా తెలుసు. ఆ దంపతులం మేమే.

ఇప్పుడు హోటల్. దీనికే డబ్బు ఎక్కువ పోతుంది, దీని దగ్గరే అందరూ మోసపోతారు. మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకి ఒక పెద్ద పేరున్న హోటల్లో గది తీసుకున్నాం. ఫోటోల్లో పందిరి మంచం, పొయ్యి, నిలువెత్తు కిటికీలు. మాకిచ్చింది అటక గది. లిఫ్టు లేదు. కిటికీ తీస్తే వంటింటి చెత్త డబ్బాలు. ఆ రోజుల్లో అడగడం తెలియదు, నోరు మూసుకుని పడుకున్నాం. బాత్‌లో మంచి హోటళ్ళు చాలా మటుకు రెండు వందల యాభై ఏళ్ళ కిందటి ఇళ్ళు. ఇళ్ళు కాబట్టి ఏ రెండు గదులూ ఒకలా ఉండవు. కింది అంతస్తుల్లో ఎత్తైన కప్పులతో యజమానుల గదులు, పైన నౌకర్ల గదులు. ఒకే హోటల్ పేరు మీద రెండూ అమ్ముతారు. అందుకని ఆన్‌లైన్‌లో నొక్కెయ్యకుండా ఫోన్ చేసి, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, కిటికీ ఎటు చూస్తుంది అని అడుగు. పెళ్ళిరోజు అని కూడా చెప్పు, సిగ్గుపడకు.

నువ్వు రాసుకున్న రెండు పేర్లూ మంచివే, కానీ రెండూ వేరు వేరు సుఖాలు. రాయల్ క్రెసెంట్ హోటల్ ఆ అర్ధచంద్రాకారపు వీధికి సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. గుమ్మం దిగితే ఎదురుగా పచ్చిక, కింద ఊరు, వెనక పెరటి తోట. అయితే అక్కడి స్పాలో ఉండేది మామూలు నీళ్ళే. గెయిన్స్‌బరో మాత్రం ఊటలకి ఆనుకుని ఉంది. భూమిలోంచి వచ్చే ఆ వేడి నీళ్ళు హోటల్ కొలనుల్లోకే వస్తాయి, కొన్ని గదుల్లో అయితే స్నానాల తొట్టికే ఆ నీళ్ళ కుళాయి ఉంటుంది. ఆ హోటల్ కట్టేటప్పుడు తవ్వితే 17,577 రోమన్ నాణేలు దొరికాయి. గది అద్దె మాత్రం రాత్రికి 300, 400 పౌండ్లు సులువుగా దాటేస్తుంది. నన్నడిగితే గెయిన్స్‌బరో. వీధి అందం చూడ్డానికి డబ్బు కట్టక్కర్లేదు, నడిచి వెళ్ళి చూడచ్చు. పడుకునే ముందు ఎవరి కళ్ళా పడకుండా ఇద్దరూ వేడి నీళ్ళలో కూర్చోవడానికే డబ్బు కట్టాలి.

నీళ్ళ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే జనం ఊరంతా తిరిగి అసలు దాన్నే వదిలేస్తారు. మెండిప్ కొండల మీద వేల ఏళ్ళ కిందట పడిన వాన సున్నపురాళ్ళ సందుల్లోంచి లోతుకి దిగి, కాగి, మళ్ళీ పైకి తన్నుకొస్తుంది. ప్రధాన ఊట దగ్గర 46 డిగ్రీలు, రోజుకి పదకొండు లక్షల లీటర్ల పైచిలుకు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదారి ఇసక తవ్వితే వేడి నీళ్ళు ఊరేవి, మీ నాన్నా నేనూ చిన్నప్పుడు కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మొదటిసారి బాత్ వచ్చినప్పుడు నాకు రోమన్లు గుర్తుకు రాలేదు, ఆ ఇసకే గుర్తొచ్చింది.

హోటల్ ఏదైనా థర్మే బాత్ స్పాలో ఒక పూట గడపండి. 2006లో తెరిచారు. మేడ మీద ఆరుబయట కొలను ఉంది. ముప్ఫై మూడు డిగ్రీల చిల్లర నీళ్ళు, మెడ దాకా ములిగి కూర్చుంటే పైన చల్లగాలి, చుట్టూ ఆవిరి, ఎదురుగా అబ్బే గోపురం. పగలు కాదు, దీపాలు పెట్టే వేళకి టైము తీసుకో. వెలుతురుండగా ఎక్కి, చీకటి పడ్డాక దిగాలి. పూట అంటే రెండు గంటలు. అది కాక ఎదురుగానే క్రాస్ బాత్ అని చిన్న కొలను ఉంది, దాన్ని మీ ఇద్దరికే అద్దెకి తీసుకోవచ్చు. 1687లో రెండో జేమ్స్ రాజుగారి భార్య మేరీ సంతానం కోసం వచ్చి అందులో స్నానం చేసింది, మరుసటి ఏడు కొడుకు పుట్టాడు. ఇది చరిత్ర కాబట్టి చెప్తున్నాను, మీ అమ్మ చెప్పమంటే కాదు.

కోడలికి ఒక మాట నువ్వే ముందు చెప్పు. ఈత బట్టలు తప్పనిసరి, చుడీదార్‌తో దిగనివ్వరు. మోకాళ్ళ దాకా వచ్చే ఈత బట్టలు మన అమ్మాయిలకి దొరుకుతాయి, బయల్దేరే ముందే కొనుక్కోండి. గదిలో వేసుకు చూసి ఇబ్బంది పడితే నీ విలాసమంతా గోవిందా. నగలు, ముఖ్యంగా వెండి పట్టీలు, గదిలో పెట్టెయ్యమను, ఆ నీళ్ళకి నల్లబడతాయి. పుస్తెలు తియ్యాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, నువ్వు తలదూర్చకు. ఖాళీ కడుపుతోనూ దిగద్దు, తిన్న వెంటనే కూడా దిగద్దు. వైన్ తాగి అసలే దిగద్దు. మధ్యమధ్య లేచి చల్లటి నీళ్ళు తాగండి, లేకపోతే తల తిరుగుతుంది.

రోమన్ బాత్స్‌లో మాత్రం దిగనివ్వరు, ముట్టుకోనివ్వరు కూడా. ఆ నీళ్ళలో ఈదిన ఒక అమ్మాయి 1978లో మెదడుకి సోకే అమీబా వల్ల చనిపోయాక స్నానాలు ఆపేశారు. ఇప్పుడు స్పాలకి వచ్చే నీళ్ళు వేరే బావుల్లోంచి శుద్ధి చేసి ఇచ్చేవి, భయం లేదు. అక్కడికి బుధవారం పొద్దున్నే, తలుపు తీయగానే వెళ్ళండి. పచ్చటి నీళ్ళ మీద ఆవిరి తేలుతుంటే మాట్లాడాలనిపించదు. లోపల సీసపు రేకులు తప్పకుండా చూడు. స్నానానికి వచ్చిన వాళ్ళ బట్టలూ చేతొడుగులూ ఎవరో కొట్టేస్తే, వాళ్ళని నాశనం చెయ్యమని సులిస్ మినర్వా దేవతకి రాసుకున్న శాపాలు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి తిట్లు! మీ మామయ్య గొడుగు పోయిన రోజు ఆ అమ్మవారికి నేనూ ఒక అర్జీ పెట్టుకున్నాను. బయటికొస్తూ పంప్ రూమ్ అనే టీ హాల్లో ఆ నీళ్ళు ఒక గ్లాసు తాగండి. ఇనుప బొక్కెనలో కాచినట్టుంటాయి. కోడలి మొహం చూడు, ఫోటో తియ్యకు.

మధ్యాహ్నం నడక. సర్కస్ దగ్గర మొదలుపెట్టు. ఏనుగులుండవు, ఇళ్ళన్నీ గుండ్రంగా నిలబడి ఉంటాయి. జాన్ వుడ్ అనే తండ్రి 1754లో పునాది వేసి ఆ ఏడే పోయాడు, అదే పేరున్న కొడుకు పూర్తి చేశాడు. పద్నాలుగో నంబరు ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగు, రాబర్ట్ క్లైవ్ పేరు ఫలకం మీద కనిపిస్తుంది. 1765లో ఈస్టిండియా కంపెనీ కోసం మన ఉత్తర సర్కారులకి (కోస్తా జిల్లాలకి) మొగలు పాదుషా దగ్గర ఫర్మానా రాయించుకున్న పెద్దమనిషే. ఆ తేనెరంగు గోడల్లో మన గోదారి జిల్లాల శిస్తు ఎంతుందో అని మీ మామయ్య వెళ్ళినప్పుడల్లా లెక్కలేస్తారు. నువ్వు ఆ లెక్క పెట్టుకోకు, పెళ్ళిరోజు.

అక్కణ్ణించి రెండు నిమిషాల్లో రాయల్ క్రెసెంట్. ఆ కొడుకు వుడ్డే 1767లో మొదలుపెట్టి ఏడెనిమిదేళ్ళలో ముగించాడు. ముప్ఫై ఇళ్ళు, 114 స్తంభాలు, ముందు వైపు వెంట్రుకవాసి తేడా ఉండదు. వెనక్కి వెళ్ళి చూస్తే ఎవరిష్టం వాళ్ళది, ఎగుడు దిగుడు. పదకొండో నంబరు గుమ్మం చూపించి కోడలికి ఈ కథ చెప్పు. 1772 మార్చిలో ఎలిజబెత్ లిన్లీ అనే పదిహేడేళ్ళ గాయని ఆ ఇంట్లోంచి షెరిడన్ అనే కుర్రాడితో ఫ్రాన్స్‌కి లేచిపోయింది. పెళ్ళయిన ఒక కెప్టెన్ ఆ పిల్లని వేధిస్తుంటే తప్పించడానికి తీసుకెళ్ళాడట. తిరిగొచ్చి షెరిడన్ ఆ కెప్టెన్‌తో రెండుసార్లు కత్తి దూశాడు, రెండోసారి చచ్చి బతికాడు. మరుసటి ఏడు పిల్ల తండ్రి ఒప్పుదలతో పెళ్ళి. అతనే తరవాత పెద్ద నాటక రచయిత. దిగేటప్పుడు రోడ్డు మీద కాకుండా గ్రావెల్ వాక్ మీదుగా రండి, పెరటి గోడల పక్కన చెట్ల కింద దారి. తరవాత పుల్టెనీ వంతెన. రెండు వైపులా దుకాణాలుంటాయి కాబట్టి దాని మీద నడుస్తుంటే నది మీదున్నామని తెలియదు, కిందికి దిగి మెట్టు మెట్టుగా దూకే నీళ్ళ పక్కన నిలబడాలి. అంతే ఆ రోజుకి. అబ్బే కనిపిస్తే లోపలికి వెళ్ళండి, లేకపోతే లేదు. స్టోన్‌హెంజ్ వేల ఏళ్ళుగా అక్కడే ఉంది, మీ పదో పెళ్ళిరోజుకీ ఉంటుంది.

భోజనాల గురించి ఎక్కువ రాయను. ఒక్క రాత్రే పెద్ద భోజనం పెట్టుకో, ఏడు రకాలు వరసగా తెచ్చేది. కోడలు శాకాహారి అని బుక్ చేసేటప్పుడే చెప్పు, వెళ్ళాక చెప్తే పుట్టగొడుగులే గతి. చీజ్‌లో, జెల్లీలో జంతువుల సరుకు ఉంటుందేమో కూడా అడగమను. రెండో రాత్రి గదిలోకే ఏదైనా తెప్పించుకోండి. టీ కావాలంటే పంప్ రూమ్‌లో, పియానో, వయొలిన్ వాయిస్తుంటారు. ఆ టీ తాగిన రోజు మళ్ళీ రాత్రి భోజనం చెయ్యలేరు, అది కూడా ప్లానులో రాసుకో, నీకు ప్లానులంటే ఇష్టం కదా.

ఇంకొకటి, 1990ల్లో మేం మొదటిసారి వెళ్ళింది పులిహోర డబ్బాతో, ఒక్క రోజుకి. వాన కురుస్తుంటే అబ్బే ముందు బల్ల మీద ఒకే గొడుగు కింద కూర్చుని తిన్నాం. పైన రాతి నిచ్చెన మీద దేవదూతలు ఎక్కుతూ దిగుతూ ఉంటారు, ఒకాయన తలకిందులుగా దిగుతున్నాడని మీ మామయ్య ఇప్పటికీ వాదిస్తారు. కోడలు పులిహోర కడతానంటే వద్దనకు.

గది ఖాయం చేశాక నాకు ఫోన్ చెయ్యి, ఏ అంతస్తో నేను కూడా వింటాను. ఎంతయిందో అన్నయ్యకి చెప్పను. తిరిగొచ్చేటప్పుడు శాలీ లన్ ఇల్లు అనే పాత బన్నుల దుకాణంలో ఆ పెద్ద బన్ను ఒకటి కట్టించుకుని స్విండన్‌లో దిగండి, దాల్చినచెక్క వెన్న కూడా. మీ మామయ్య స్టేషన్‌కి వస్తారు.

ఇట్లు,
మీ అత్తయ్య