రెండో రౌటర్ పెట్టాక ప్రింటర్ కనిపించడం లేదు, కెమెరా ఐపీ మారిపోతోంది: ఏం చేయాలి?

కింద హాల్లో ఫైబర్ బాక్స్, మేడ మీద రెండో రౌటర్ ఉన్నాయన్నారు. పైన నెట్ వస్తున్నా కింది ప్రింటర్ ఫోన్‌లో కనిపించడం లేదని, కరెంటు పోయి వచ్చాక కెమెరా రికార్డర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు చిరునామా) మారిపోతోందని అడిగారు. మా ఇంట్లోనూ అమ్మానాన్నలు కింద, మేము పైన ఉంటాం. ఇదే ఏర్పాటు చాలాకాలంగా ఇబ్బంది లేకుండా నడుస్తోంది.

ఇంట్లో ఐపీలు పంచే పని ఒక్క రౌటరే చేయాలి. కింది నుంచి వచ్చిన వైరును మీరు బహుశా రెండో రౌటర్ వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ వైరు పెట్టే చోట) పెట్టారు. అలా పెడితే పైన వేరే నెట్‌వర్క్ తయారవుతుంది. ఐపీ టైప్ చేస్తే ప్రింటర్ దొరకవచ్చు గానీ, ఫోన్ దాన్ని వెతుకుతూ పంపే సందేశాలు ఆ రౌటర్ దాటి కిందికి వెళ్లవు.

రెండో రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (ఐపీలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేది) ఉంటే అది ఎంచుకోండి, చాలు. లేకపోతే ఆ వైరు తీసేసి, ల్యాప్‌టాప్‌ను దాని లాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలు కలిపే చోటుకు) కలపండి. ముందు దాని ఐపీని 192.168.1.2 చేయండి (కింది బాక్స్ 192.168.1.1 అనుకుంటే). ఆ తర్వాతే డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆఫ్ చేయండి. వరస తప్పితే ల్యాప్‌టాప్‌కు ఐపీ రాక సెట్టింగ్స్ పేజీ తెరుచుకోదు. తర్వాత కింది బాక్స్ లాన్ పోర్టు నుంచి వచ్చే వైరును దీని లాన్ పోర్టులోనే పెట్టండి. వాన్ పోర్టు ఖాళీగా వదిలేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి ఛానెల్ 1, రెండోదానికి 6 ఇవ్వండి.

వైరు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. లోపలి ఎనిమిది తీగల్లో నాలుగే సరిగ్గా కలిసినా నెట్ వస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దాటదు. చాలామంది అప్పుడు రౌటర్‌నే తిట్టుకుంటారు. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 వేయించి, రెండు చివర్లా టెస్టర్ పెట్టించి చూడండి.

ఇక ఐపీల సంగతి. కింది బాక్స్‌లో డీహెచ్‌సీపీ పరిధిని 192.168.1.100 నుంచి 200 వరకు కుదించండి. 100 లోపువి మీరు చేత్తో ఇచ్చుకోవడానికి మిగులుతాయి. ప్రింటర్ లాంటివాటికి బాక్స్‌లోనే మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు సంఖ్య) ఆధారంగా రిజర్వేషన్, అంటే ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చేలా పెట్టడం నాకిష్టం, లెక్కంతా ఒకేచోట ఉంటుంది. కొన్ని బాక్సులు పరిధి లోపలి ఐపీనే రిజర్వ్ చేయనిస్తాయి, అప్పుడు అందులోంచే ఒకటి ఇవ్వండి. కెమెరా రికార్డర్‌కు మాత్రం దాని మెనూలోనే స్టాటిక్ (మారని) ఐపీ పెట్టాను. కనెక్షన్ వాళ్లు బాక్స్ మార్చినప్పుడు మా రిజర్వేషన్లన్నీ పోయాయి, రికార్డర్ మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త బాక్స్ కూడా 192.168.1.1 మీదే ఉండబట్టి అలా జరిగింది. రికార్డర్‌లో 192.168.1.30, మాస్క్ 255.255.255.0, గేట్‌వే (బయటి ఇంటర్నెట్‌కు దారి ఇచ్చే బాక్స్ ఐపీ), డీఎన్ఎస్ రెండూ 192.168.1.1 అని ఇవ్వండి. గేట్‌వే వదిలేస్తే ఇంట్లో కెమెరా కనిపిస్తుంది గానీ ఊరెళ్లినప్పుడు యాప్‌లో తెరుచుకోదు.

అంతా అయ్యాక పైన ఫోన్ వైఫై వివరాలు చూడండి. గేట్‌వే 192.168.1.1 అని ఉండాలి. 192.168.1.2 అని చూపిస్తే రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఇంకా ఆన్‌లోనే ఉన్నట్టు.